గంపలో లెక్క, కాగితం మీద లెక్క

హనుమకొండ నుంచి కరీంనగర్ పోయే తొవ్వలో భీమారం, ఎర్రగట్టు గుట్ట దాటితే హసన్‌పర్తి వస్తుంది. ఊరు ఇప్పుడు గ్రేటర్ వరంగల్ నగరంలో కలిసిపోయింది. చుట్టూ ఉన్న పల్లెలు మాత్రం నగరానికి కూరగాయలు, పూలు, పండ్లు పంపే పల్లెలుగానే ఉన్నాయి. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు, బంతిపూల మోపులు దిగుతాయి. ఆ వెంటనే సీతాఫలాల గంపలు వస్తాయి. ఎండాకాలం మామిడికాయలు, తాటిముంజలు, మిగతా రోజుల్లో పాలకూర, తోటకూర, వంకాయ, బెండ, చిక్కుడు. ఈ సరుకును చేను నుంచో మార్కెట్ నుంచో తెచ్చుకుని, ఆటోలోనో బస్సులోనో వేసుకుపోయి, రోడ్డు పక్కన గోనెపట్టా పరిచి అమ్మేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ.

ఈ వ్యాపారానికి చరిత్ర ఉన్నట్టే, దాని గురించి రాసిన కాగితాలకూ చరిత్ర ఉంది. పన్ను వేసినవాళ్ళు రాశారు, జనాభా లెక్కించినవాళ్ళు రాశారు, కమిటీలు రాశాయి, అప్పులిచ్చిన సంస్థలు రాశాయి. ఈ మధ్య కాలంలో ‘మహిళా అమ్మకందార్ల ఆర్థిక సాధికారత’ అనే మకుటంతో నివేదికలు వస్తున్నాయి. వాటిని దిద్దడానికి ఎడిటర్లను ప్రకటనలిచ్చి మరీ తీసుకుంటున్నారు. ఆ ఎడిటర్ ఎవరు, ఆ మనిషికి అంగడి తెలుసా అన్నది చిన్న విషయంగా కనిపించవచ్చు. ఇన్ని వందల ఏళ్ళ రాతలను వరుసగా చూస్తే, అమ్ముకునే ఆడమనిషి కాగితం మీద నిలిచిందా, కొట్టివేతలో పోయిందా అన్నది ప్రతిసారీ దిద్దిన చేతిని బట్టే తేలింది.

ఓరుగల్లు కోటలో ఖాన్ సాహెబ్ తోట శాసనం అని చరిత్రకారులు పిలిచే రాతి శాసనం ఒకటి ఉంది. కాకతీయుల కాలంలో ఇక్కడి అంగడిలో ఏ సరుకు మీద ఎంత సుంకం వసూలు చేయాలో అందులో చెక్కారు. ధాన్యాలు, నూనె, నెయ్యి, కూరగాయలు, కొబ్బరికాయల నుంచి మిరియాలు, చందనం దాకా సరుకుల పేర్లున్నాయి. అమ్మకాల గురించి ఈ ప్రాంతంలో మిగిలిన తొలి లిఖిత పత్రాల్లో ఇదొకటి. రాయించినవాళ్ళకు కావలసింది సుంకం. అందుకే సరుకు పేరుంది. గంప నెత్తిన పెట్టుకుని ఆ సరుకు తెచ్చిన మనిషి గురించి తెలుసుకునే అవసరం వాళ్ళకు రాలేదు.

మనిషి జాడ కావాలంటే కావ్యం దగ్గరికి పోవాలి. వినుకొండ వల్లభరాయుడి పేరున్న క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధులన్నీ కనిపిస్తాయి. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసేటప్పుడు ఆ కాలపు జీవితం కోసం ఆధారపడిన పుస్తకాల్లో అది ముఖ్యమైనది. అందులో పూటకూటి ఇల్లు ఉంది. ఒక రూకకు ఆ ఇంట్లో దొరికే భోజనం ఏమిటో, బియ్యం నుంచి నెయ్యి దాకా కవి వివరంగా చెప్పాడు. ధర, సరుకు, నాణ్యత అన్నీ ఉన్నాయి. వండి అమ్మే వ్యాపారానికి ఇంతకంటే పాత వివరణ వరంగల్ విషయంలో దొరకడం కష్టం. అయితే కవికి అక్కడి శ్రమ కన్నా ఆ ఇంటి గురించి ఊళ్ళో చెప్పుకునే మాటలే రుచించాయి. ప్రేమికుల మధ్య రాయబారాలు నడిచే చోటుగా దాన్ని చూపించి నవ్వించాడు. పొయ్యి దగ్గర ఎవరు ఎన్ని గంటలు నిలబడ్డారో, రూకలో వాళ్ళకు ఎంత మిగిలిందో మనకు తెలియదు. శ్రమ కన్నా నడవడి గురించే మాట్లాడటం అప్పుడే ఉంది. ఇవాళ్టి నివేదికల్లోనూ అది ‘సామాజిక ఆమోదం’ వంటి పెద్దమనిషి తరహా మాటల్లో దాక్కుని ఉంటుంది.

నిజాం రాజ్యంలో అంగళ్ళలో కూర్చున్నందుకు తైబజారు కట్టాల్సి వచ్చేది. ఆ పేరు, ఆ వసూలు స్వాతంత్ర్యం తర్వాత పంచాయతీల, మున్సిపాలిటీల చేతికి వచ్చాయి. చాలాచోట్ల గుత్తేదార్లు పాట పాడి వసూలు హక్కు కొనుక్కునేవాళ్ళు. 1920ల చివర్లో కాజీపేట, బల్లార్షా మధ్య రైలు మార్గం పూర్తయి, హసన్‌పర్తి రోడ్డు పేరుతో స్టేషన్ వచ్చాక ఈ పల్లెల సరుకుకు కొత్త దారి దొరికింది. సరిగ్గా ఆ కాలంలోనే, 1929-30లో, ఎస్. కేశవ అయ్యంగార్ హైదరాబాద్ రాజ్యంలో పల్లెల ఆర్థిక స్థితిగతుల మీద పెద్ద విచారణ జరిపారు. వరంగల్ జిల్లా కూడా అందులో ఉంది. భూమి ఎవరిది, పంట ఎంత, అప్పు ఎంత అన్న ప్రశ్నల మీద నడిచిన విచారణ అది. ఆనాటి రైతుల అప్పుల గురించి దాన్ని చూడకుండా మాట్లాడలేం. కానీ ఇంటి లెక్కలో ఇంటి యజమాని సంపాదనే కనబడే కాలమది. సాయంత్రం దాకా తిరిగి గంప ఖాళీ చేసుకుని వచ్చిన స్త్రీ సంపాదన ఆ ఇంటి మొత్తంలో కలిసిపోయేది.

జనాభా లెక్కలు ఈ సమస్యను ఇంకా పెంచాయి. 1961లో పనిచేసే స్త్రీల సంఖ్య ఎక్కువగా నమోదైంది. 1971లో ‘మీ ప్రధానమైన పని ఏమిటి’ అని అడగడంతో ఆ సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. ఇంటిపని ప్రధానం అన్నవాళ్ళంతా శ్రామికుల జాబితా నుంచి జారిపోయారు. 1981లో ఏడాదిలో 183 రోజులు పనిచేసినవాళ్ళను ప్రధాన శ్రామికులనీ, అంతకు తక్కువైతే ఉపాంత శ్రామికులనీ రెండుగా విభజించారు. మహిళా సంఘాలు పట్టుబట్టాక 1991లో, జీతం లేకుండా సొంత చేనులోనో కుటుంబ వ్యాపారంలోనో చేసే పనిని కూడా లెక్కలోకి తేవాలని ప్రశ్నలోనే స్పష్టంగా రాశారు.

హసన్‌పర్తి పక్క పల్లె నుంచి వచ్చే సీతాఫలాల అమ్మకందారును ఈ గడుల్లో పెట్టి చూడాలి. వానాకాలం ఆమె నాట్లకు, కలుపుకు పోతుంది. దసరా ముందు పూలు కోసుకొచ్చి అమ్ముతుంది. ఆపై రెండు నెలలు సీతాఫలం. చలికాలం పత్తి ఏరుతుంది, ఎండాకాలం ఉపాధి హామీ పని, మధ్యలో మామిడికాయలు. ఏడాది పొడుగునా ఒక్క రోజు ఖాళీగా ఉండదు. ఆమె పని ఏమిటని అడిగితే గణకుడు రాసుకునేది వ్యవసాయ కూలీ అని. పూలు, పండ్లు కొని అమ్మి, బేరం చూసి, పెట్టుబడి తిప్పి, నష్టం భరించి చేసిన వ్యాపారం ఎక్కడా కనబడదు.

ఈ కనబడకపోవడం గురించి దేశం మొత్తానికి తెలియజెప్పిన మొదటి పెద్ద నివేదిక 1974 చివర్లో ప్రభుత్వానికి అందిన ‘టువర్డ్స్ ఈక్వాలిటీ’. 1971లో ఏర్పడిన మహిళల స్థితిగతుల కమిటీకి ఫుల్‌రేణు గుహా అధ్యక్షురాలు. మధ్యలో సభ్య కార్యదర్శిగా వచ్చిన వీణా మజుందార్ ఆ నివేదిక రచనను భుజాన వేసుకున్నారు. చట్టాలు మారినా, స్త్రీల ఉపాధి తగ్గిపోతోందని అంకెలతో సహా ఆ నివేదిక చెప్పింది. రాజకీయ రిజర్వేషన్ల దగ్గర కమిటీ అభిప్రాయంతో ఏకీభవించని సభ్యుల అసమ్మతి పత్రాన్ని కూడా అందులోనే అచ్చు వేశారు. ఈ కాలపు నివేదికల్లో అలాంటి భిన్నాభిప్రాయం సాధారణంగా దిద్దుబాటు దశలోనే మాయమవుతుంది. తుది ప్రతి అంతా ఒకే గొంతుతో మాట్లాడుతుంది. వీణా మజుందార్ బృందం అలా చేయకపోవడం వల్ల తర్వాతి తరాలకు ఒక వాదన మిగిలింది.

తెలుగు నేల మీద ఇదే కాలంలో ఒక గొప్ప పని నరసాపురంలో జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆ ప్రాంతంలో, మిషనరీలు 19వ శతాబ్దంలో నేర్పిన లేసు అల్లికను ఇళ్ళలో కూర్చుని స్త్రీలు చేస్తారు. జర్మనీకి చెందిన మరియా మీస్ 1970ల చివర్లో అక్కడ పరిశోధన చేసి, 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ ప్రచురించారు. ఆ లేసు విదేశాలకు ఎగుమతి అయ్యేది, దాని మీద డాలర్లు వచ్చేవి. అల్లిన స్త్రీలను మాత్రం తీరిక వేళల్లో ఏదో చేసుకునే గృహిణులుగా లెక్కవేశారు. అమ్మకం, ఎగుమతి మగవాళ్ళ చేతుల్లోకి పోయాయి. పనిచేసే మనిషికి ‘గృహిణి’ అన్న ముద్ర పడితే కూలి ఎంత తగ్గించవచ్చో మీస్ లెక్కగట్టి చూపించారు.

ఆ పరిశోధనలో మీస్‌కు తోడుగా పనిచేసిన తెలుగు యువతుల్లో కె. లలిత ఒకరు. ఉస్మానియా విద్యార్థినులతో 1974లో ఏర్పడిన ప్రోగ్రెసివ్ ఆర్గనైజేషన్ ఆఫ్ విమెన్ నుంచి వచ్చిన మనిషి ఆమె. ఇంటింటికీ తిరిగి స్త్రీల నోటి మాట విన్న ఈ అనుభవం తర్వాత, 1986లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ సంపాదకుల్లో ఆమె ఉన్నారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాల పుస్తకం అది. పాలకుర్తి ఐలమ్మ, దూడల సాలమ్మ, మల్లు స్వరాజ్యం వంటి వాళ్ళు మాట్లాడారు. టేపుల్లో రికార్డు చేసి, కాగితం మీదికి ఎక్కించి, ఎంత ఉంచాలి, ఎక్కడ కలపాలి, ఏ వరుసలో పెట్టాలి అన్న ప్రశ్నలతో ఆ బృందం ఏళ్ళ తరబడి కుస్తీ పట్టింది. చెప్పినవాళ్ళ యాసను, తడబాటును, కోపాన్ని శుభ్రం చేసి మర్యాదస్తుల తెలుగులో పెట్టడం చాలా తేలిక. ఆ పని వాళ్ళు చేయలేదు. పార్టీ చరిత్రల్లో రెండు వాక్యాల్లో ముగిసిన స్త్రీలు ఆ పుస్తకంలో అధ్యాయాలుగా నిలబడ్డారు. మూడేళ్ళ తర్వాత ఇంగ్లిష్‌లోనూ అది వచ్చింది.

సంపాదకత్వం అంటే ఏమిటో తెలుగులో చూపించిన పుస్తకాల్లో దీన్ని ముందు వరుసలో పెట్టాలి. అచ్చుతప్పులు దిద్దడం, వాక్యాలు సాపు చేయడం ఆ పనిలో చివరి వంతు. ఎవరి మాట ఉంటుంది, ఎవరి మాట పోతుంది అన్న నిర్ణయం మొదటి వంతు.

1987లో కేంద్ర ప్రభుత్వం స్వయం ఉపాధి మహిళల మీద జాతీయ కమిషన్ వేసింది. అహ్మదాబాద్‌లో 1972లో ‘సేవ’ సంఘాన్ని స్థాపించిన ఇలా భట్ దానికి అధ్యక్షురాలు. సభ్యుల్లో చెన్నైలో వర్కింగ్ విమెన్స్ ఫోరమ్ నడిపిన జయా అరుణాచలం, హిందీ పత్రికా సంపాదకురాలు మృణాల్ పాండే ఉన్నారు. కమిషన్ రాష్ట్రాలన్నీ తిరిగి, కూరగాయలమ్మేవాళ్ళను, బీడీ చుట్టేవాళ్ళను, కాగితాలేరేవాళ్ళను నేరుగా కలిసి విని, 1988లో ‘శ్రమశక్తి’ పేరుతో నివేదిక ఇచ్చింది. అక్కడ ఒక విశేషం గమనించాలి. రోజూ పాఠకుల కోసం రాసే వృత్తి ఉన్న సంపాదకురాలు, రోజూ అమ్మకందార్ల మధ్య ఉండే కార్యకర్త ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. నివేదిక పూర్తయ్యాక బయటి నుంచి ఎవరినో పిలిచి భాష దిద్దించడం వేరు. మొదటి పర్యటన నుంచీ రాసే మనిషి వెంట ఉండటం వేరు.

‘సేవ’ అప్పటికే ఇంకొక అడుగు ముందుకు వేసింది. 1974లో నాలుగు వేల మంది స్త్రీలు తలా 10 రూపాయలు వేసి సొంత బ్యాంకు పెట్టుకున్నారు. 1984లో వీడియో తీయడం నేర్చుకున్న సభ్యుల్లో మాణెక్ చౌక్‌లో కూరగాయలమ్మే స్త్రీలూ ఉన్నారు. చదువు రాని వాళ్ళు కూడా కెమెరా పట్టి, తీసినదాన్ని తామే ఎడిట్ చేశారు. మన దగ్గర 2001లో చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల స్త్రీలే విలేఖరులుగా ‘నవోదయం’ పత్రిక మొదలైంది. మెదక్ వైపు జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు వీడియోలు తీశారు. 2008లో సంఘం రేడియో పెట్టుకున్నారు.

హసన్‌పర్తి విషయానికి వస్తే, ఈ ఊరి నుంచి ఎల్కతుర్తి మీదుగా సిద్దిపేట రోడ్డు పట్టుకుంటే ముల్కనూరు వస్తుంది. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి అక్కడ స్థాపించిన సహకార గ్రామీణ బ్యాంకు గురించి దేశమంతా తెలుసు. 1990 నుంచి సహకార అభివృద్ధి సంస్థ ప్రోత్సాహంతో వరంగల్, కరీంనగర్ జిల్లాల ఊళ్ళలో మహిళా పొదుపు సంఘాలు మొదలయ్యాయి. 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం రావడంతో ప్రభుత్వ వాటా ధనం, ప్రభుత్వ పెత్తనం లేకుండా సంఘాలు నడుపుకునే వీలు కలిగింది. 2000లో ముల్కనూరులో మొత్తం స్త్రీలే సభ్యులుగా పాల సహకార సంఘం ఏర్పడింది. ‘స్వకృషి’ పేరుతో ఆ పాలు, పెరుగు హనుమకొండ, వరంగల్ ఇళ్ళకు చేరుతున్నాయి.

ఈ సంఘాల్లో నివేదిక అన్నదానికి వేరే అర్థం ఉంది. ఏటా మహాసభ జరగాలి, లెక్కలు ఆడిట్ కావాలి, వాటిని సభ్యుల ముందు పెట్టాలి. వాటిని వినేది ఆ డబ్బు సొంతదారులే. ఏ ఖర్చు ఎందుకైందో, ఎవరి అప్పు మీరిపోయిందో సభ్యురాలు లేచి అడిగితే జవాబు చెప్పాలి. తప్పు రాస్తే అక్కడే దొరికిపోతుంది. ఢిల్లీలోనో న్యూయార్క్‌లోనో చదివే నివేదికకు అలాంటి అడ్డు లేదు. అందుకే దాన్ని దిద్దేవాళ్ళ బాధ్యత ఇంకా బరువైనది.

ఆ అడ్డు లేకపోతే ఏమవుతుందో 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చూసింది. సూక్ష్మరుణ సంస్థలు వారం వారం వాయిదాలతో పల్లె పల్లెలో స్త్రీలకు అప్పులిచ్చాయి. వాటి నివేదికల్లో ప్రతి పేజీలోనూ నవ్వుతున్న స్త్రీల ఫొటోలు, పక్కనే 98, 99 శాతం తిరిగి చెల్లింపులు. చెల్లింపు శాతాన్నే సాధికారతకు రుజువుగా చూపించారు. ఆ వాయిదా కట్టడానికి ఆమె ఇంకొక సంస్థ దగ్గర అప్పు చేసిందా, పుస్తెలు తాకట్టు పెట్టిందా అన్న ప్రశ్న ఆ పేజీల్లో లేదు. 2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు యాభైకి పైగా శాఖలను మూసివేయించారు. అయినా అచ్చయ్యే నివేదికల తీరు మారలేదు. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ అనే సూక్ష్మరుణ సంస్థ షేర్లు మార్కెట్‌లోకి వచ్చాయి. కొన్ని వారాల్లోనే వరంగల్ సహా పలు జిల్లాల నుంచి అప్పుల ఆత్మహత్యల వార్తలు పత్రికలకెక్కాయి. అక్టోబర్ 15న రాష్ట్ర ప్రభుత్వం ఈ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ తర్వాత వసూళ్ళు దాదాపు ఆగిపోయాయి. అన్నేళ్ళపాటు ఆ నివేదికలు దిద్దినవాళ్ళలో కొందరైనా ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, కనీసం కాగితం మీదైనా ప్రమాదం ముందే కనబడేది.

అడగాల్సిన ప్రశ్నలు ఎక్కడ పుడతాయో తెలియాలంటే గిరిగిరి అనే రోజువారీ అప్పు లెక్క దగ్గర కాసేపు ఆగాలి. తెలంగాణ పట్నాల్లో చిల్లర అమ్మకందార్లకు పెట్టుబడి ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తుంది. పదివేల అప్పు అంటే చేతికి తొమ్మిది వేలే ఇస్తారు. రోజుకు వంద చొప్పున నూరు రోజులు కట్టాలి. వసూలు చేసే కుర్రాడు బండి మీద వచ్చి, కార్డు మీద గీత పెట్టి వెళ్తాడు. నివేదిక రాసేవాళ్ళు దీన్ని తరచు ‘పది శాతం వడ్డీ’ అని రాస్తారు. వాక్యంలో తప్పు కనబడదు. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి పోతూ ఉంటుంది. ఆమె చేతిలో తొమ్మిది వేలు నూరు రోజులూ ఉండవు, సగటున అందులో సగమే ఉంటుంది. ఆ లెక్కన ఏడాదికి వడ్డీ 75 శాతం దాటుతుంది. బ్యాంకు పది శాతానికి, ఈ పది శాతానికి ఉన్న తేడా పట్టుకోలేని ఎడిటర్ ఎంత చక్కని ఇంగ్లిష్ రాసినా ఆ పేరా అబద్ధంగానే అచ్చవుతుంది.

రెండో చిక్కు గల్లాకు, మిగులుకు మధ్య ఉంటుంది. ఉదాహరణకు ఒక రోజు గల్లా 1,500 అనుకుందాం. తెల్లవారుజామున మార్కెట్‌లో సరుకుకు పెట్టింది 1,050. ఆటోకు 100, తైబజారు ఉన్న చోట దానికి 20, గిరిగిరికి 100, చాయ్, తిండికి 30. చేతిలో మిగిలేది 200. అందులోనూ సాయంత్రానికి వాడిపోయి పారబోసిన ఆకుకూర, ఉద్దెర ఇచ్చి రాని పైసలు ఇంకా తీయలేదు. పొద్దున నాలుగింటి నుంచి రాత్రి ఎనిమిది దాకా పట్టిన గంటలు, మధ్యలో తల్లికి తోడు కూర్చున్న బడి పిల్ల గంటలు లెక్కలోకే రాలేదు. ‘రోజుకు 1,500 సంపాదిస్తోంది’ అని ముసాయిదాలో ఉంటే, దాన్ని ‘రోజుకు 1,500 ఆర్జిస్తోంది’ అని మార్చడం దిద్దుబాటు అనిపించుకోదు. సరుకు ఖర్చు తీశారా అని రాసినవాళ్ళను అడగడమే దిద్దుబాటు.

ఈ రకం నివేదికల పని ఇప్పుడు ప్రపంచమంతా ఉంది. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2014లో ఫిజీ, సోలమన్ దీవులు, వనువాటులలో ‘మార్కెట్స్ ఫర్ చేంజ్’ పేరుతో మార్కెట్ మహిళల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఫిజీ మనకు మరీ పరాయి దేశం కాదు. 1903 నుంచి మద్రాసు ఓడల్లో చెరకు తోటలకు వెళ్ళిన ఒప్పంద కూలీల్లో, అంటే గిర్మిటియాల్లో, తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. 1941లో వాళ్ళు అక్కడ దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. ఆ దీవుల మార్కెట్లలోనూ అమ్మేవాళ్ళలో స్త్రీలే ఎక్కువ. దూరపు పల్లెల నుంచి వచ్చి, సరుకు అమ్ముడుపోయేదాకా రాత్రిళ్ళు మార్కెట్ అరుగుల మీదే పడుకునేవాళ్ళు. వాళ్ళ సంఘాలు గట్టిపడ్డాక, పడుకోవడానికి గదులు కట్టించడం కూడా ఆ కార్యక్రమంలో భాగమైంది. నెలవారీ ఆదాయం పట్టికలు ఎన్ని వేసినా ఆ అవసరం బయటపడదు. రాత్రి ఎక్కడ పడుకుంటారని ఎవరో అడిగితేనే బయటపడుతుంది. హనుమకొండలో అడగాల్సింది మరుగుదొడ్డి గురించి. పొద్దుటి నుంచి నీళ్ళు తాగకుండా కూర్చునే స్త్రీల కష్టం ఏ ఆదాయ పట్టికలోనూ పట్టదు.

ఇలాంటి నివేదికలకు ఎడిటర్ కోసం ఇచ్చే ప్రకటనలు దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. ఇంగ్లిష్ మీద పట్టు, పోస్ట్ గ్రాడ్యుయేషన్, ఇన్నేళ్ళ అనుభవం, ఇన్ని పని దినాలు, ఇన్ని పేజీలు, సంస్థ శైలి నియమాలు తెలిసి ఉండాలి. స్థానిక భాష రావాలన్న మాట అరుదు. సర్వే చేసినవాళ్ళు రాసుకున్న అసలు నోట్సు ఎడిటర్‌కు అందదు, తుది ముసాయిదా ఒక్కటే అందుతుంది. ఆ స్థితిలో ఎంత నిజాయితీ ఉన్న ఎడిటర్ అయినా పైపై మెరుగులే దిద్దగలరు. తప్పు ఆ మనిషిది కాదు, పిలిచిన తీరుది.

వీధి అమ్మకాలకు చట్టం వచ్చాక ఈ పట్టింపు ఇంకా ముఖ్యమైంది. 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలోనూ టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం అమ్మకందార్ల ప్రతినిధులు, వాళ్ళలో మూడోవంతు స్త్రీలు ఉండాలి. అయిదేళ్ళకోసారైనా సర్వే చేసి ధ్రువపత్రాలు ఇవ్వాలి, సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ లేపగూడదు. 2020 జూన్‌లో వచ్చిన పీఎం స్వనిధి పథకం కింద మొదట 10,000 రూపాయల అప్పు ఇచ్చారు, సకాలంలో కడితే వడ్డీ రాయితీ ఉంటుంది. గిరిగిరి పక్కన పెట్టి చూస్తే ఇది ఎంత ఊరటో చెప్పనవసరం లేదు. సర్వేలో పేరున్నవాళ్ళకు అప్పు దారి తేలిక. ఏడాదిలో రెండు నెలలు సీతాఫలం, పది రోజులు బతుకమ్మ పూలు అమ్మే స్త్రీ సర్వే వేళకు చేనులో కలుపు తీస్తూ ఉంటే ఆమె పేరు ఎక్కేదెలా? హసన్‌పర్తి పల్లెల నుంచి వచ్చేవాళ్ళలో ఇలాంటివాళ్ళు చాలామంది. నివేదికలు ఏడాది పొడుగునా అమ్మేవాళ్ళ గురించే రాస్తే, పథకాలూ వాళ్ళ చుట్టూనే అల్లుకుంటాయి.

ఎర్రగట్టు గుట్ట దగ్గర 1980లో మొదలైన కిట్స్ కళాశాల ఉంది, అనంతసాగర్‌లో ఎస్సార్ విశ్వవిద్యాలయం ఉంది, హనుమకొండలో 1976 నుంచి కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. అంగట్లో తల్లి పక్కన కూర్చుని కాంటా పట్టి, ఆపై డిగ్రీ చదివి, ఇంగ్లిష్ రాయగలిగిన ఆడపిల్లలు ఈ ప్రాంతంలో దొరకరన్న మాట ఇప్పుడు చెల్లదు. ఈ జిల్లా అమ్మకందార్ల మీద నివేదిక రాయించే సంస్థ ఏదైనా ఎడిటర్‌ను చివరి నెలలో కాక మొదటి నెలలోనే తీసుకోవాలి. సర్వే నోట్సు ఆమె చేతికి ఇవ్వాలి, అంకెల మీద ప్రశ్నలడిగే అధికారం ఒప్పందంలోనే రాయాలి. ముసాయిదాను తెలుగులో అమ్మకందార్లకు చదివి వినిపించడానికి రెండు రోజుల కూలి విడిగా చూపించాలి, వచ్చిన స్త్రీలకు ఆ పూట నష్టపోయిన గిరాకి కట్టివ్వాలి. ఆ సమావేశం మధ్యాహ్నం రెండింటికి పెట్టాలి. పొద్దుటి బేరం అయిపోయి, సాయంత్రం గిరాకి ఇంకా మొదలుకాని వేళ వాళ్ళకు రోజు మొత్తంలో అదొక్కటే.